టెలివిజనులో వస్త్రరచనా స్పర్ధలు

ఒకనాటి రాత్రి మా మనుమరాలు టెలివిజను ముందు కూర్చుండి యేదియో చూచుచుండగా, నేను భోజనము ముగించి వచ్చి ప్రక్కను కూర్చుంటిని. తెరమీద ఒక యువకుడు కత్తెర చేతబట్టుకొని కంటనీరు పెట్టుకొనుచుండెను. ఆ అబ్బాయికి వచ్చిన కష్టమేమని యడిగితిని. "చంక దగ్గర కత్తిరింపు తప్పింది తాతయ్యా, ఇంక రెండు గంటలే టైముంది" అని చెప్పినది.

ఫాషనను మాట వినబడగనే లేచి వీధియరుగుమీదికి పోవు స్వభావము నాది. కాని ఆ రాత్రి లేవలేదు. యతి తప్పిన పద్యమును చూచుకొని కవి పడు బాధను నేనెరుగుదును. ఆ బాధయే ఆ కుర్రవాని మొగమున నుండెను. గుడ్డ చెడినది, గడువు దగ్గరపడినది, మరల కొనుటకు డబ్బు లేదు. నాటినుండి ఈ పోటీల పుట్టుపూర్వోత్తరములను కొంత విచారించితిని. దుస్తులను గూర్చి రేడియోలో చెప్పుట అద్దములేని యింట బొట్టు పెట్టుకొనుట వంటిదే యైనను, నేను చెప్పదలచినది దుస్తుల సొగసును గూర్చి కాదు గనుక శ్రోతలు మన్నింతురు గాక.

ఆ కార్యక్రమము పేరు 'ప్రాజెక్ట్ రన్‌వే'. ఇచ్చట రన్‌వే యనగా విమానములు దిగు బాట కాదు. క్రొత్త దుస్తులు ధరించి మోడళ్లు నడచు వేదిక. అమెరికాలో బ్రావో అను ఛానలున 2004 డిసెంబరు 1వ తేదీన ఇది మొదలైనది. పన్నెండుగురు వస్త్రరూపకర్తలను న్యూయార్కు నగరమునకు రప్పించి, పార్సన్స్ అను కళాశాలలోని పనిగదులలో కూర్చుండబెట్టిరి. ఒక్కొక్క పరీక్షకు ఒకటి రెండు దినముల గడువు. గడువు ముగియగనే మోడలు ఆ దుస్తును తొడిగి నడచును. హైడి క్లూమ్ అను ప్రసిద్ధ మోడలు, మైఖేల్ కోర్స్ అను రూపకర్త, 'ఎల్' పత్రికకు చెందిన నీనా గార్సియా తీర్పరులు. ఓడినవారు సూదిదారములు సర్దుకొని యింటికి పోవలెను.

మొట్టమొదటి పరీక్ష విచిత్రమైనది. పోటీదారులను గుడ్డల అంగడికి గాక పచారీ కొట్టునకు తీసికొనిపోయి, తలకు 50 డాలర్లిచ్చి, అచ్చట దొరకిన వస్తువులతో దుస్తులు చేయుడనిరి. ఆస్టిన్ స్కార్లెట్ అను యువకుడు మొక్కజొన్న పొత్తుల పైతొడుగులను ఒలిచి, వానితో ఒక గౌను నిర్మించి ఆ పరీక్షలో గెలిచెను. పచ్చి తొడుగు ఎండినకొలది ముడుచుకొనునని మన పల్లెలలో పసిపిల్లలకును తెలియును. అట్టి వస్తువును లొంగదీసి నడుమునకు అమర్చుట సామాన్యమైన పని కాదు.

ఇది విన్నప్పుడు నాకు అష్టావధానము జ్ఞప్తికి వచ్చినది. దత్తపదిలో పృచ్ఛకుడు ఒకదానితో నొకటి పొసగని నాలుగు మాటలిచ్చి, వానిని పద్యములో నిముడ్చుమనును. నిషిద్ధాక్షరిలో, అవధాని నోట రాబోవు అక్షరమును కనిపెట్టి, అది వలదనును. కవి ప్రతిభ కట్టుబాటులోనే బయటపడును. పచారీ కొట్టులో గౌను వెదకుమనుటయు ఇట్టిదే. అయితే రెంటికిని ఒక భేదమున్నది. అవధానము చివర ధారణ యున్నది. చెప్పిన పద్యములన్నిటిని సభ యెదుట అవధాని మరల అప్పగింపవలెను. సభవారు విన్నదే అతడు చెప్పినది, అతడు చెప్పినదే సభవారు విన్నది. నడుమ మరియొకరి చేయి లేదు. టెలివిజనులోనో, దినముల తరబడి అనేక కెమెరాలు పట్టిన దృశ్యములను కత్తిరించి గంటకు లోబడిన కథగా కుట్టుదురు. రూపకర్త చేతిలో ఒక కత్తెర. అతనిని పట్టి చూపువారి చేతిలో మరియొక కత్తెర. నా ప్రసంగమంతయు ఈ రెండవ కత్తెరను గూర్చియే.

దీని చరిత్ర కొంత వెనుకకు పోవును. అమెరికాలో 1988వ సంవత్సరమున చలనచిత్ర, టెలివిజను రచయితలు సమ్మె కట్టిరి. అది అయిదు నెలలు సాగినది. మరుసటి యేడు ఫాక్స్ సంస్థ 'కాప్స్' అను కార్యక్రమమును ప్రారంభించినది. అందు నటులు లేరు, వ్రాసిన సంభాషణలు లేవు. పోలీసువారి వెంట కెమెరాలు తిరుగును. 1992లో ఎం.టీ.వీ.వారు కొందరు యువతీయువకులను ఒక యింట నుంచి 'ది రియల్ వరల్డ్' నడపిరి. స్వీడనులో 1997లో పుట్టిన ద్వీపవాసపు పోటీ 2000 సంవత్సరమున 'సర్వైవర్' అను పేర అమెరికాకు వచ్చి, దేశమునంతను తెరముందు కూర్చుండబెట్టినది. వీనికి యథార్థమను అర్థము వచ్చునట్లు రియాలిటీ కార్యక్రమములని పేరు. రచయితలకును నటులకును ఇచ్చు ధనము మిగులుట వలన నిర్మాతలకు ఇవి మిక్కిలి చౌక.

ఈ వరుసలో ఫాషను రంగమునకు మొదట పేరు తెచ్చినది 'అమెరికాస్ నెక్స్ట్ టాప్ మోడల్'. తానును మోడలైన టైరా బ్యాంక్స్ దీనిని కల్పించి, 2003 మే నెలలో యూ.పీ.యన్. అను ఛానలున ప్రారంభించెను. దీనికి పలు దేశములలో అనుకరణములు వచ్చినవి. మన దేశమున ఎం.టీ.వీ.వారు 2015లో ఒకటి నడపిరి. ఈ పోటీని నేనంతగా మెచ్చను. ఇందు పరీక్షింపబడునది చేతిపని కాదు, దేహము. దేహమునకు తప్పొప్పులు నిర్ణయించువారి శాస్త్రమెంత నిలుకడైనదో యీ యుదాహరణము వలన తెలియును. 2006లో డానియెల్ ఎవన్స్ అను పోటీదారును, ముందుపండ్ల నడుమ సందు పనికిరాదని చెప్పి, పూడ్పించుకొనుమని ఒత్తిడి చేసిరి. 2010లో అదే పోటీలో మరియొక పడుచుకు పండ్ల సందును రాచి వెడల్పు చేయించిరి! నాలుగేండ్లలో దోషము గుణమైనది. పోటీదారులకు మేనిరంగు మార్చి, అన్యజాతుల స్త్రీలవలె వేషము వేసి ఛాయాచిత్రములు తీసిన ఘట్టములును కలవు. 2020లో జనులు పాత భాగములను మరల చూచి దూషింపగా, ఆ కాలపు తమ నిర్ణయములు కొన్ని సరికానివని బ్యాంక్స్ ఒప్పుకొనెను.

వస్త్రరచనా పోటీ అట్లు కాదు. అచ్చట చూపదగిన పని యున్నది. కొలత తీయుట, కాగితముపై నమూనా గీయుట, కొయ్యబొమ్మకు గుడ్డ చుట్టి గుండుసూదులు గుచ్చుట, అంచు మడచుట, మిషను త్రొక్కుట, ఇవన్నియు తెరపై చూచి కోట్లకొలది జనులు దుస్తు యెట్లు పుట్టునో తెలిసికొనిరి. 2000 నుండి 2007 వరకు పార్సన్స్ కళాశాలలో వస్త్రరచనాశాఖకు అధ్యక్షుడైన టిం గన్ పనిగదిలో తిరుగుచు, ఒక్కొక్కరి బల్లయొద్ద నిలిచి, దోషమును కోపము లేకుండ చెప్పును. ఆయన మాటతీరును చూచి, నేను బడిలో పిల్లలపై అనవసరముగా అరచిన దినములు తలచుకొని సిగ్గుపడితిని. మొదటి రెండు పర్యాయములకు తనకు జీతమేమియు ముట్టలేదని ఆయనయే తరువాత చెప్పియున్నాడు. ఈ కార్యక్రమమునకు 2007వ సంవత్సరపు పీబాడీ బహుమానము లభించినది.

ఇక మొదటి విజేత కథ వినుడు. 2005 ఫిబ్రవరిలో తుదిపోటీ ప్రసారమైనది. పెన్సిల్వేనియా రాష్ట్రమువాడైన జే మెకారల్ గెలిచెను. బహుమానము ఒక లక్ష డాలర్లు. అది చేతికందినచో చిన్న పనివాని జీవితము మారిపోవును. అతడు దానిని తీసికొనలేదు. ఏలయన ఒప్పందపత్రములో ఒక నిబంధన యున్నది; దాని ప్రకారము ఇకమీదట తన వృత్తివలన వచ్చు దానిలో నూటికి 10 వంతులు నిర్మాణసంస్థకు చెందవలసియుండెనని అతడు చెప్పెను. లక్ష డాలర్లను వదలుకొని తన సూదిని తనకే యుంచుకొనెను. మన కవులలో రాజాశ్రయమును వలదని పొలము దున్నుకొన్నవారిని గూర్చి పాఠము చెప్పుచు జీవితము గడపినవాడను. అట్టి మనుష్యుడు న్యూయార్కు నగరపు దీపముల నడుమ కనబడునని తలపలేదు. అతనికి తరువాత గొప్ప సంపద కలిగినదనియు చెప్పలేను. ఆ పోటీనుండి మిక్కిలి పైకి వచ్చినవాడు 2008లో గెలిచిన క్రిస్టియన్ సిరియానో. అతడే 2019 నుండి టిం గన్ స్థానమున పోటీదారులకు సలహాలు చెప్పుచు వచ్చెను.

ఇంతవరకు పోటీదారుల మాట. తెరవెనుక రెండవ కత్తెర పట్టినవారి మాట యొకటి యున్నది. 2006 జూలైలో 'టాప్ మోడల్' కార్యక్రమపు పనివారు పన్నెండుగురు సమ్మె కట్టిరి. వీరి పని యేమి? వందలకొలది గంటల దృశ్యములను చూచి, ఎవరికెవరితో వైరము, ఎవరు ఏడ్చిరి, ఏ మాట ముందుంచిన కథ రక్తికట్టును అని నిర్ణయించి, భాగము భాగముగా కూర్చుట. అది రచన కాక మరేమి? తమను రచయితల సంఘములో చేర్పనిమ్మనియు, వైద్యపు భీమా, వృద్ధాప్యపు భృతి యిమ్మనియు వారడిగిరి. నిర్మాతలు ఒప్పుకొనలేదు. ఆ సెప్టెంబరులో క్రొత్తగా వెలసిన సీ.డబ్ల్యూ. ఛానలు తన ప్రసారములను ఆ కార్యక్రమముతోనే ఆరంభించినది. సమ్మెకట్టినవారిని తిరిగి పనిలోనికి తీసికొనలేదు. 2007 నవంబరునుండి మరుసటి ఫిబ్రవరి వరకు జరిగిన రచయితల పెద్ద సమ్మెలోను ఈ రియాలిటీ పనివారిని చేర్చుకొను కోరిక మొదట ఉండెను. బేరసారములలో దానిని వదలుకొనిరి. 1988 సమ్మెకాలమున వ్రాతగాండ్రు లేకయే నడచునని పెరిగిన యీ విద్యలో, తుదకు వ్రాతగాండ్రు ఉన్నారనియే తేలినది. వారికి ఆ పేరు మాత్రము దక్కలేదు.

పేరు దక్కకపోవుట యెట్లుండునో నేను కొంత యెరుగుదును. ఉద్యోగములో నున్నప్పుడు ఒక ప్రబంధమునకు టీకాతాత్పర్యములు వ్రాసి ఒకరికిచ్చితిని. పుస్తకము అచ్చుపడి వచ్చినది. అట్టమీద గాని లోపల గాని నా పేరు లేదు. ఏబది రూపాయలు మాత్రము మనియార్డరు వచ్చినది. అది చిన్న సంగతి. దానికి పదిరెట్లు పెద్దది 2009లో జరిగినది.

'ప్రాజెక్ట్ రన్‌వే'ను నిర్మించుచున్న వైన్‌స్టైన్ సంస్థ దానిని బ్రావో నుండి లైఫ్‌టైమ్ అను ఛానలుకు మార్పదలచినది. బ్రావోకు యజమానులైన ఎన్.బీ.సీ. యూనివర్సల్‌వారు 2008 ఏప్రిలులో న్యూయార్కు న్యాయస్థానమున దావా వేసిరి. న్యాయస్థానము మార్పును నిలిపివేసినది. ఈలోపల ఆరవ పర్యాయపు పోటీ లాస్ ఏంజెలెస్ నగరమున చిత్రింపబడి సిద్ధముగా నున్నది. ప్రసారము చేయుటకు వీలులేదు. ప్రతి పర్యాయమును తుదివరకు నిలిచినవారు న్యూయార్కు ఫాషను వారోత్సవమున తమ దుస్తులను స్వయముగా ప్రదర్శించుట ఆచారము. రూపకర్తకు అంతకు మించిన దినము లేదు; గొప్ప అంగళ్లవారు, పత్రికలవారు అందరును అచ్చటనే యుందురు. 2009 ఫిబ్రవరిలో బ్రయంట్ పార్కునందలి గుడారమున ఆ ప్రదర్శనము జరిగినది. దుస్తులు నడచినవి. కుట్టినవారి పేర్లు ఎవరును చెప్పలేదు. తెరమీద రాని పోటీలో మిగిలినవారెవరో బయటపడరాదు గనుక వారు వేదికపైకి వచ్చి నమస్కరించుటకును వీలులేకపోయినది. నెలల తరబడి పడిన శ్రమ కన్నులయెదుట చప్పట్లు పొందుచుండగా, ఇది నాదియని చెప్పరాదు! ఏప్రిలులో ఉభయపక్షములకు రాజీ కుదిరినది. ఆగస్టు 20వ తేదీన ప్రసారము మొదలైనది. ఇరీనా షబయేవా గెలిచినది. కాని ఫిబ్రవరి దినమును మరల ఎవరు తేగలరు?

తరువాతి చరిత్రను త్వరగా చెప్పెదను. 2017లో హార్వీ వైన్‌స్టైన్ దుష్కృత్యములు బయటపడగా, ఆ సంస్థ మరుసటి యేడు దివాలా తీసినది. పోటీ 2019లో మరల బ్రావోకు వచ్చినది. 2025లో ఫ్రీఫాం అను ఛానలుకు మారినది, హైడి క్లూమ్ తిరిగి వచ్చినది. అంతకుముందు ఆమెయు టిం గన్‌యును కలిసి అమెజాన్ సంస్థకై 2020లో 'మేకింగ్ ది కట్' అను క్రొత్త పోటీని నెలకొల్పిరి. బహుమానము పది లక్షల డాలర్లు. గెలిచిన దుస్తును అమెజాన్ అంగడిలో వెంటనే కొనుక్కొనుటకు అప్పుడు వీలుండెను. పోటీయు, దుకాణమును ఒక్కచోటనే!

ఈ క్రొత్త పోటీలో ఒక మార్పు చేసిరి. ఇది కుట్టుపని పోటీ కాదు, వ్యాపారమును నడపగలవారి పోటీ యనిరి. కావున రూపకర్తలు పగలు గీతలు గీసి, నమూనాలు కత్తిరించి, కొలతలును సూచనలును కాగితముమీద వ్రాసి బల్లపై పెట్టి పోవుదురు. రాత్రి కుట్టుపనివారు వచ్చి, ఆ కాగితములను చదువుకొని, దుస్తులను కుట్టి పోవుదురు. ఉదయము రూపకర్తలు వచ్చి, కుట్టు సరిగా కుదిరినదా లేదా యని చూచుకొందురు. కుదిరినచో ఆనందము, కుదరనిచో విసుగు. రెండును మనము చూడవచ్చును. మొదటి పర్యాయము పారిస్ నగరమునను టోక్యో నగరమునను కూడ జరిగినది గనుక, ఆయా నగరముల కుట్టుపనివారును ఇందు చేయి వేసిరి.

మొన్న మా మనుమరాలు ఆ భాగము చూచుచుండగా, ఆ రాత్రిపనివారి పేర్లేమని అడిగితిని. భాగము ముగిసిన తరువాత వచ్చు పేర్లను చదువుదమని తెరను నిలిపినది. అక్షరములు సన్ననివి, నా కంటికి ఆనలేదు. ఆమెయే ఒక్కొక్కటిగా చదువుచు కూర్చున్నది.