సూరత్ యువకుడు, రంగూన్ మేస్త్రీ

2024 ఫిబ్రవరి 21న ఉక్రెయిన్‌లోని దొనెత్స్క్ ప్రాంతంలో జరిగిన దాడిలో సూరత్‌కు చెందిన 23 ఏళ్ల యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. రష్యా సైన్యానికి సహాయకుడి ఉద్యోగం, నెలకు లక్షల్లో జీతం అని ఆన్‌లైన్‌లో కనిపించిన ప్రకటనను నమ్మి అతడు 2023 డిసెంబరులో ఇల్లు విడిచాడు. యుద్ధరంగానికి దూరంగా పని ఉంటుందన్నారు. అక్కడికి చేరాక చేతికి తుపాకీ ఇచ్చారు. ఇల్లు విడిచి మూడు నెలలు తిరగకముందే సూరత్‌లోని ఆ కుటుంబానికి మరణవార్త అందింది.

మరో రెండు వారాలకు, మార్చి 6న, హైదరాబాద్‌కు చెందిన మరో యువకుడి మరణాన్ని మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. బట్టల దుకాణంలో పనిచేస్తూ భార్యను, ఇద్దరు పిల్లలను పోషించుకుంటున్న అతడిదీ అదే దారి. దుబాయ్ నుంచి నడిచే ఒక యూట్యూబ్ చానల్ ఇలాంటి యువకులెందరినో రష్యా దారి పట్టించింది. ఆ చానల్‌లో మాట్లాడే మనిషి సొంత అన్నలా మాట్లాడేవాడు. జీతం, వసతి, కొంతకాలం తర్వాత స్థిరనివాసం అంటూ అన్నీ విడమరచి చెప్పేవాడు. తుపాకీ సంగతి ఒక్కటే చెప్పలేదు.

చిక్కుకున్న వారిని వెనక్కి రప్పించాలని హైదరాబాద్ ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ జనవరిలోనే విదేశాంగ మంత్రి జైశంకర్‌కు లేఖ రాశారు. సీబీఐ కేసు నమోదు చేసి, ఏడు నగరాల్లో 13 చోట్ల సోదాలు జరిపింది మార్చిలో. ఆ సరికే సూరత్ యువకుడు లేడు, హైదరాబాద్ యువకుడూ లేడు. జులైలో ప్రధాని మోదీ మాస్కో వెళ్లినప్పుడు పుతిన్ వద్ద ఈ విషయం ప్రస్తావించారు. 2025 జనవరిలో విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ప్రకారం రష్యా సైన్యంలో చేరిన భారతీయుల కేసులు 126. వారిలో 96 మంది తిరిగివచ్చారు, 12 మంది చనిపోయారు, 16 మంది ఆచూకీ తెలియలేదు.

ఈ వార్తలు వచ్చిన ప్రతిసారీ వినిపించే మాట ఒకటుంది. చదువుకున్నవాళ్లు ఇంత తేలిగ్గా ఎలా నమ్మారు? ఈ ప్రశ్న అడిగేవారికి తెలుగువారి వలస చరిత్ర ఒక జవాబు చెబుతుంది. ఇలాంటి ఎర కొత్తది కాదు. దానికి చిక్కినవారిని తప్పుపట్టడమూ కొత్త కాదు.

తూర్పు గోదావరి తీరంలోని కోరంగి రేవు నుంచి 1830ల చివరలోనే తెలుగు కూలీలు మారిషస్‌కు ఓడలెక్కారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి 342 మందితో దర్బన్ చేరిన ట్రూరో ఓడలో తెలుగువారు ఎందరో ఉన్నారు. 1903 నుంచి మద్రాసు రేవు ఫిజీకీ కూలీలను పంపింది. ఉత్తరాదిన ఊళ్లు తిరుగుతూ మనుషులను పోగుచేసే దళారీని ఆర్కాటీ అనేవారు. ఫిజీ కలకత్తాకు దగ్గరే అని చెప్పి సముద్రం దాటించిన ఆర్కాటీల కథలు ఆనాటి సాక్ష్యాల నిండా ఉన్నాయి. కాగితం మీద అయిదేళ్ల ఒప్పందం ఉండేది. వేలిముద్ర వేసినవారిలో అధికులకు అందులో ఏముందో తెలియదు. అగ్రిమెంట్ అన్న మాట వారి నోళ్లలో గిర్మిట్ అయింది. ఆ ఒక్క మాటే ఒక తరం చరిత్రకు పేరైంది.

బర్మా దారిలో ఒప్పందపు కాగితం కూడా లేదు. అక్కడ మేస్త్రీ ఉండేవాడు. కోస్తా జిల్లాల ఊళ్లలో ఓడ ఖర్చులకు, ఇంటి అవసరాలకు బయానా ఇచ్చి, రంగూన్ బియ్యపు మిల్లులకు, రేవు పనులకు జట్లు జట్లుగా మనుషులను తీసుకెళ్లేవాడు. ఆ బయానా అక్కడి కూలి డబ్బులో కోత అయ్యేది. అప్పు తీరేదాకా కూలీ అతడి చేతిలో మనిషే. మేస్త్రీ పరాయివాడు కాదు. తరచుగా అదే ఊరివాడు, అదే భాషవాడు. మోసం అన్నింటికంటే తేలిగ్గా నడిచేది నమ్మకం ఉన్నచోటే. 1931లో విట్లీ కమిషన్ భారత కార్మికుల స్థితిగతులపై నివేదిక ఇచ్చినప్పుడు పనిలో చేర్చే దళారుల లంచగొండితనాన్ని ప్రధాన జాడ్యాల్లో ఒకటిగా ఎత్తిచూపింది.

ఈ దృష్టితో చూస్తే సూరత్‌లో తెలుగువారి కథ వేరుగా నడిచింది. తెలంగాణ చేనేత పల్లెల్లో మగ్గం కూడు పెట్టని రోజులు వచ్చినప్పుడు పద్మశాలి కుటుంబాలు షోలాపూర్, భివండీ, బొంబాయి, సూరత్ దారి పట్టాయి. ముందు ఒకరు వెళ్లారు, తర్వాత బావమరిదిని పిలిచారు, ఆ తర్వాత మేనల్లుడు వచ్చాడు. లింబాయత్, ఉధనా వంటి కార్మిక వాడల్లో తెలుగు వినిపించేది అందుకే. సూరత్ నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడిపిందంటే ఆ సమాజం ఎంత వేళ్లూనుకున్నదో తెలుస్తుంది. పవర్‌లూమ్ పని కష్టం కాదని ఎవరూ అనలేరు. కానీ పనికి పిలిచినవాడు సాయంత్రానికి అదే వాడలో కనిపించేవాడు. చెప్పిన కూలి రాకపోతే అడగడానికి ఒక గడప ఉండేది. ఊళ్లో అతడి తల్లిదండ్రులు జవాబు చెప్పవలసి వచ్చేది.

ఫోన్‌లో వచ్చే ఉద్యోగానికి ఆ గడప లేదు. మేస్త్రీకి ఉన్న నమ్మకం మిగిలింది, బంధువుకు ఉన్న జవాబుదారీ పోయింది. ఆన్‌లైన్ మోసం చేసిన అసలు మార్పు ఇదే.

ఇల్లు కదలనివారిని వెతుక్కుంటూ కూడా ఈ ఎర వచ్చింది. 2023 జులైలో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన ముఠా పార్ట్‌టైమ్ ఉద్యోగాల పేరుతో దాదాపు 15,000 మంది నుంచి రూ.712 కోట్లు కాజేసింది. దాని పద్ధతి చాలా సులువు. టెలిగ్రామ్‌లో సందేశం వస్తుంది. రేటింగులు ఇస్తే డబ్బు అంటారు. మొదట కొద్ది మొత్తం నిజంగానే ఖాతాలో పడుతుంది. ఆ తర్వాత పెద్ద పని కావాలంటే ముందు కొంత డిపాజిట్ చేయమంటారు. తెరమీద లాభం పెరుగుతూ కనిపిస్తుంది, తీసుకోబోతే మరింత కట్టమంటారు. మొదట చేతికి వచ్చిన ఆ చిన్న మొత్తమే మేస్త్రీ ఇచ్చిన బయానా. అదే ఏడాది డిసెంబరు 6న ఇలాంటి మోసాలు నడిపే వందకు పైగా వెబ్‌సైట్లను నిరోధించినట్లు కేంద్ర హోం శాఖ ప్రకటించింది.

కొందరికి డబ్బుతో పాటు స్వేచ్ఛ కూడా పోయింది. సింగపూర్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మించి ఉత్తరాంధ్ర యువకులను బ్యాంకాక్ మీదుగా కంబోడియాకు చేర్చిన ఏజెంట్లను 2024 మేలో విశాఖ పోలీసులు అరెస్టు చేశారు. అక్కడ వారితో చేయించిన పని సైబర్ మోసాలే. మోసపోయినవాడి చేత మరొకరిని మోసం చేయించే ఆ శిబిరాల్లో పాస్‌పోర్టు లాక్కోవడం, కొట్టడం, తిండి మాన్పించడం మామూలు. అదే నెలలో సిహనౌక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు. మయన్మార్‌లో 1,20,000 మంది, కంబోడియాలో లక్ష మంది ఇలాంటి నిర్బంధంలో ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023 ఆగస్టులోనే అంచనా వేసింది. 2025 మార్చి 10, 11 తేదీల్లో మయన్మార్ శిబిరాల నుంచి బయటపడిన 549 మందిని వాయుసేన విమానాలు థాయిలాండ్ నుంచి స్వదేశానికి తెచ్చాయి.

ఇంత జరుగుతున్నా విమానాశ్రయంలో వీరిని ఎవరూ ఎందుకు ఆపలేదు? జవాబు చట్టంలోనే ఉంది. 1912 మార్చిలో గోపాలకృష్ణ గోఖలే ఇంపీరియల్ శాసనమండలిలో ఒప్పంద కూలీ విధానాన్ని రద్దు చేయాలని తీర్మానం పెట్టారు. అది వీగిపోయింది. 1916లో మదన్ మోహన్ మాలవీయ మళ్లీ తీర్మానం తెచ్చారు. 1917లో కూలీల ఎగుమతి ఆగింది. కూలీలు హఠాత్తుగా తెలివి తెచ్చుకోవడం వల్ల ఆ విధానం అంతం కాలేదు. వారి బాధ జాతీయ రాజకీయాల ప్రశ్న అయింది కనుక అంతమైంది. 1922లో వచ్చిన వలస చట్టం, దాని స్థానంలో వచ్చిన 1983 చట్టం ఆ పోరాటపు వారసత్వమే.

అయితే ఆ చట్టాల ఊహలో బాధితుడంటే చదువురాని కూలీ. నేటికీ వలస అనుమతి తప్పనిసరి అయినది పదో తరగతి పాస్ కానివారికి, అదీ 18 దేశాలకు వెళ్లేటప్పుడు మాత్రమే. గల్ఫ్ దేశాలు ఆ జాబితాలో ఉన్నాయి. రష్యా లేదు, కంబోడియా లేదు, మయన్మార్ లేదు. పది పాసైన యువకుడు తనను తాను కాపాడుకోగలడని చట్టం భావిస్తుంది. మోసగాడు సరిగ్గా ఆ యువకుడినే ఎంచుకున్నాడు. విద్యార్థి వీసా, సందర్శక వీసా చేతిలో పెట్టి ద్వారం దాటించాడు. 1983 చట్టాన్ని మార్చాలన్న ముసాయిదా 2021లో ప్రజల ముందుకు వచ్చింది. 2025 అక్టోబరులో మరో ముసాయిదా వచ్చింది. ఈ మధ్యకాలంలోనే సూరత్‌కు, హైదరాబాద్‌కు ఆ కబుర్లు అందాయి.

సూరత్ విషయంలో మరో చేదు నిజం ఉంది. ప్రపంచంలోని వజ్రాల్లో అత్యధిక భాగాన్ని సానపట్టే నగరమది. రష్యా వజ్రాల దిగుమతులపై జీ-7 దేశాల నిషేధం 2024 జనవరి 1న మొదలైంది. అప్పటికే గిరాకీ తగ్గి కుదేలైన సానపట్టే పరిశ్రమకు అది మరో దెబ్బ. ఒకే యుద్ధం ఒకవైపు నగరంలో పనిని తగ్గించింది, మరోవైపు ఆ నగరపు బిడ్డకు తనలోనే పని చూపింది. పని దొరకని చోట జాగ్రత్తలు ఎంత చెప్పినా సగమే వినపడతాయి.

అయినా ఆ సగమైనా చెప్పవలసిందే. విదేశీ ఉద్యోగం చూపే ఏజెంటుకు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో నమోదు ఉండాలి. ఆ నమోదు సంఖ్యను ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము రూ.30,000, దానిపై జీఎస్టీ. లక్షలు అడిగాడంటేనే చట్టం దాటాడని అర్థం. ఉద్యోగానికి సందర్శక వీసా ఇస్తామన్నవాడు అబద్ధం చెబుతున్నాడు. జీతం ఇవ్వవలసినవాడు ముందుగా డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. ఇంటర్వ్యూ లేకుండా నియామక పత్రం వచ్చినా, డబ్బు వ్యక్తిగత ఖాతాకు పంపమన్నా, పనిచేసే ఊరు, యజమాని పేరు చెప్పకపోయినా అక్కడితో ఆగాలి. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ ప్రభుత్వ సంస్థలే. వెళ్లేముందు అక్కడ అడగడానికి ఖర్చేమీ లేదు. డబ్బు పోయిన వెంటనే 1930కి ఫోన్ చేస్తే ఖాతాను నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఆలస్యమయ్యే కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

ఈ జాగ్రత్తలన్నీ బాధితుడి భుజంమీద పెట్టే బరువే. రాజ్యం తన భుజంమీద పెట్టుకోవలసినది వేరే ఉంది. పది పాసైనవాడికీ వలస రక్షణ వర్తించాలి. యుద్ధం నడుస్తున్న దేశానికి, మోస శిబిరాలున్న దేశాలకు గుంపులుగా వెళ్తున్న యువకులను చూసి ఇమిగ్రేషన్ కౌంటర్ ఒక ప్రశ్న అడగాలి. నకిలీ ఉద్యోగ ప్రకటనతో ఆదాయం పొందిన వేదిక జవాబు చెప్పాలి. వందేళ్ల క్రితం గోఖలే సభలో ఓడిపోయిన తర్వాత ఓడలు ఆగడానికి అయిదేళ్లు పట్టింది. ఆ అయిదేళ్లలో ఓడలెక్కినవారు తప్పు చేశారని ఈనాడు ఎవరూ అనరు. సూరత్ యువకుడి గురించి కూడా ఎందుకు నమ్మాడని అడగడం ఇక మానాలి. అతడిని ఎవరు పంపారు, ఎవరు పోనిచ్చారు అన్నదే పార్లమెంటులో అడగవలసిన ప్రశ్న.