ఎముకల కోట

ఉదయగిరి అనగానే చాలామందికి రెండే గుర్తొస్తాయి. ఒకటి, 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న కొండకోట. రెండోది, అక్కడి నున్నటి చెక్క గరిటెలు. కోట పాఠ్యపుస్తకాల్లోకి వెళ్ళింది, గరిటె మన వంటింట్లోకి వచ్చింది. మూడో సంగతి ఒకటుంది. అటు పుస్తకానికీ ఇటు వంటింటికీ కూడా సంబంధించిందే గానీ, దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. అది ఆ సీమ మనుషుల ఎముకల చరిత్ర.

ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపు వెళ్ళేకొద్దీ అంతా మెట్ట. తరతరాలుగా అక్కడ బావే దిక్కు. భూమిలోని రాళ్ళ నుంచి కరిగిన ఫ్లోరైడు ఆ బావుల్లో చాలాచోట్ల ఎక్కువ. రంగుండదు, వాసనుండదు. బిందెలో చూస్తే నీళ్ళు తేటగానే ఉంటాయి. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే మంచిది కాదని నేటి లెక్క. ఆ లెక్కలేవీ లేని రోజుల్లో సంగతి ముందుగా బయటపెట్టింది ఎవరనుకున్నారు? ఎద్దులు! కీళ్ళు బిగుసుకుపోయి ఎద్దులు నడవలేకపోతున్నాయని గమనించింది రైతులు. మనుషుల వంతు ఆ తర్వాత వచ్చింది.

1937లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా ఫ్లోరోసిస్ గురించి ఇండియన్ మెడికల్ గెజెట్‌లో రాశారు. అప్పటి నెల్లూరు జిల్లా ఇప్పటికంటే పెద్దది లెండి. కనిగిరి, పొదిలి, దర్శి కూడా అందులోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు వెళ్ళాయి, ఉదయగిరి ఇక్కడే మిగిలింది. మన దేశంలో ఈ జబ్బు మనుషుల్లో ఉందని వైద్యలోకానికి తెలిసింది మన జిల్లా వల్లనే. గర్వపడాలో బాధపడాలో మీరే చెప్పండి!

ఈ జబ్బు ముదిరితే నడుం వంగదు, మెడ తిరగదు. వెనక నుంచి పిలిస్తే మనిషి ఒళ్ళంతా తిప్పి చూడాల్సిందే. విచిత్రం ఏమిటంటే, ఎక్స్‌రే తీస్తే ఆ ఎముక మామూలు ఎముక కంటే దట్టంగా, తెల్లగా కనిపిస్తుంది. చూపుకు కోటగోడే. కానీ లోపలి అల్లిక చెడి పెళుసుబారి ఉంటుంది. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ నుంచి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో ఇంకో మాట చెప్పారు. మన రాష్ట్రపు ఫ్లోరైడు ఊళ్ళలో ఎదిగే పిల్లలకు మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతున్నాయని, వాళ్ళ ఎముకలు గుల్లబారుతున్నాయని.

చూపుకు గట్టి, లోపల డొల్ల. ఈ మాట దగ్గరే నాకు మన ఇళ్ళలోని మరో జబ్బు గుర్తొస్తుంది. అదే చక్కెర జబ్బు. కారణం వేరు, తంతు మాత్రం ఇలాంటిదే. పెద్దవయసులో వచ్చే మధుమేహంలో ఎముక సాంద్రత పరీక్ష చేయిస్తే చాలాసార్లు బాగానే ఉందని వస్తుంది. అయినా ఎముకలు విరగడం ఎక్కువే. దానికి తోడు పాదాలు మొద్దుబారడం, చూపు మందగించడం, చక్కెర పడిపోయి కళ్ళు తిరగడం. పడిపోవడానికి ఇంకేం కావాలి?

ఆ చక్కెరే మూత్రపిండాలను తినేస్తే కష్టం రెట్టింపవుతుంది. విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేది మూత్రపిండమే, ఒంట్లో చేరిన ఫ్లోరైడును బయటికి పంపేదీ అదే. అది పడకేస్తే ఎముకకు రెండు వైపులా నష్టం. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1971లోనే మూత్రపిండ మార్పిడి విజయవంతంగా జరిగింది. అప్పటినుంచి ఎందరో బతికారు. కానీ కొత్త మూత్రపిండాన్ని ఒళ్ళు తోసేయకుండా ఇచ్చే స్టెరాయిడ్లు ఎముకను కరిగిస్తాయి, అదీ మొదటి ఏడాదిలోనే ఎక్కువ. పైగా ఆ మందుల వల్ల చక్కెర పెరగడమూ ఉంది.

అందుకే మార్పిడి అయి ఇంటికొచ్చిన మనిషిని చూసి "గండం గడిచింది" అని ఊరుకోకూడదు. ఎముకల సంగతి, విటమిన్ డి సంగతి డాక్టరుగారిని మనమే అడగాలి. అలాగని భయపడి మందులు మాత్రం మానేయకూడదు సుమా, మూత్రపిండానికే మోసం వస్తుంది. స్నానాలగదిలో జారకుండా చూసుకోవాలి. ఇంకో మాట. కాచి చల్లార్చితే నీళ్ళలో క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరేకొద్దీ చిక్కబడుతుంది కూడా. ఫ్లోరైడు ఊళ్ళలో బావి నీటిని పరీక్ష చేయించడం, శుద్ధి చేసిన నీళ్ళు తెచ్చుకోవడం తప్ప దారి లేదు.

రాయల సేన చాలాకాలం ముట్టడించాక గానీ ఉదయగిరి కోట లొంగలేదట. ఒంట్లోని కోటకు ముట్టడి అంత చప్పుడు చేస్తూ రాదు. రోజూ ఒక గ్లాసు చొప్పున, ఒక మాత్ర చొప్పున వస్తుంది. నడవలేని ఎద్దును చూసి ఏదో తేడా ఉందని పసిగట్టిన ఆ మెట్ట రైతు చూపు, మన ఇంట్లోవాళ్ళు గడప దాటేటప్పుడు మనకూ ఉంటే చాలు.