అశ్వహృదయం, అక్షహృదయం – బెంగళూరు గుర్రప్పందేల ముచ్చట

పిల్లలను వెంటబెట్టుకొని మెజెస్టిక్ వైపు నుండి రేస్ కోర్సు రోడ్డు మీదుగా పోయే తెలుగు తండ్రికి ఒక చిక్కు వచ్చిపడుతుంది. ఆ గోడ అవతల ఏమున్నదని పిల్లవాడు అడుగుతాడు. గుర్రాలు పరుగెత్తే మైదానమని చెబితే, "చూద్దాం పద నాన్నా" అంటాడు. తండ్రి మాట మారుస్తాడు. పందెమనే మాట మన ఇళ్ళలో అంత చేదైనది. దానివల్ల కొంపలు గుల్లయిన కథలు విననివారు లేరు గనుక ఆ భయం అకారణమని ఎవరూ అనలేరు. కాని ఆ గోడ అవతల ఉన్నది జూదమొక్కటే కాదు. మన పూర్వులు ఎంతో గౌరవించిన విద్య ఒకటి అక్కడ ఇంకా బ్రతికి ఉన్నది. ఆ రెంటినీ వేరుచేసి పిల్లలకు చెప్పడం మేలని తోచి ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

నన్నయభట్టారకుని ఆరణ్యపర్వంలోని నలోపాఖ్యానం మనకు క్రొత్త కాదు. జూదంలో రాజ్యం పోగొట్టుకొన్న నలుడు బాహుకుడనే పేరుతో అయోధ్యలో ఋతుపర్ణుని కొలువులో చేరుతాడు. రాజును విదర్భకు తీసుకొనిపోతూ, త్రోవలో ఆయన వద్ద అక్షహృదయం, అనగా పాచికల మర్మం, గ్రహిస్తాడు. దానికి బదులుగా తనకు తెలిసిన అశ్వహృదయం ఇస్తానంటాడు. గుర్రపు మనసెరగడం ఒక విద్య. పాచికల లెక్క ఎరగడం వేరొక విద్య. పందేల మైదానంలో ఈ రెండూ నేటికీ ప్రక్కప్రక్కనే నడుస్తున్నవి.

మొదటి విద్యలో తెలుగువారు వెనుకబడినవారు కారు. కాకతీయుల కాలపు శాసనాలలో కనబడే సాహిణి బిరుదు అశ్వదళాన్ని నడిపినవారిది. పదిహేనవ శతాబ్దిలో మనుమంచి భట్టు గుర్రాల లక్షణాలను గూర్చి హయలక్షణ విలాసమనే పద్యగ్రంథమే రచించాడు. అయితే మేలుజాతి గుర్రాలకు మాత్రం దక్షిణదేశం సముద్రం వైపే చూడవలసి వచ్చేది. విజయనగర ప్రభువు ఏటా 13,000 గుర్రాలు కొనేవాడనీ, వాటిలో హోర్ముజ్ రేవు నుండి వచ్చినవీ నాటువీ ఉండేవనీ పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసి ఉంచాడు.

పరాయి రేవుల మీద ఆధారపడక ఇక్కడనే గుర్రాలను పెంచాలన్న ప్రయత్నం పద్ధెనిమిదవ శతాబ్దిలో మైసూరు సీమలో జరిగింది. బెంగళూరుకు సుమారు 70 కిలోమీటర్ల దూరంలోని కుణిగల్ అశ్వశాల హైదర్ అలీ, టిప్పు సుల్తానుల సేనలకు గుర్రాలను పెంచిన చోటు. తరువాతి కాలంలో అదే చోట పందెపు గుర్రాలు పుట్టి పెరిగినవి.

ఈ పందెపు గుర్రాల జాతిని థరోబ్రెడ్ అంటారు. తూర్పుదేశాల నుండి ఇంగ్లండుకు చేరిన మూడు మగగుర్రాలు వీటికి మూలపురుషులు. ఎప్సమ్ అనే ఊళ్ళో 1780లో మొదలైన డెర్బీ మూడేళ్ళ గుర్రాలకు పెట్టిన పందెం. మూడేళ్ళే ఎందుకంటే, ఆ వయసున గుర్రానికి పరుగు పూర్తిగా వస్తుంది గాని ఎముక ఇంకా ముదరదు. ఎంత తోలవచ్చునో, ఎక్కడ ఆపవలెనో తెలియడంలోనే శిక్షకుని ప్రతిభ ఉన్నది. మనదేశంలో 1943లో బొంబాయిలో ఆరంభమైన ఇండియన్ డెర్బీ నాలుగేళ్ళవాటికి. మన హైదరాబాదు మలక్‌పేటలో జరిగే దక్కన్ డెర్బీ మాత్రం మూడేళ్ళవాటికే.

బెంగళూరు టర్ఫ్ క్లబ్బు 1920 ప్రాంతాన ఏర్పడింది. నగరం నడిబొడ్డున దాదాపు 85 ఎకరాల మైదానం దానిది. అక్కడ పందెం పచ్చిక మీద జరుగుతుంది. కాని తెల్లవారుజామున సాధన చాలవరకు ఇసుక బాట మీదనే. ఏ గుర్రం ఎంత దూరం ఎన్ని సెకన్లలో పరుగెత్తిందో మరునాటి పత్రికలలో పడుతుంది. జపానులో పచ్చిక పందేలతోపాటు ఇసుక మీదనే పెద్ద పందేలు కూడా నడుపుతారు. టోక్యోలోని ఓయి మైదానంలో మూడేళ్ళ గుర్రాలకు 2,000 మీటర్ల ఇసుక డెర్బీ 1999లో మొదలై, 2024 నుండి జపాన్ డర్ట్ క్లాసిక్ అనే పేరుతో జరుగుతున్నది. ఆ ఏడు దానిని గెలిచిన ఫరెవర్ యంగ్ అనే గుర్రం 2025లో సౌదీ కప్పు కూడా గెలిచి లోకప్రసిద్ధి పొందింది. ఇసుకలో గిట్ట దిగబడే తీరు వేరు, పచ్చికలో వేరు. దానిని గమనించి లాడం, కళ్ళెం, దాణా అన్నీ చూచుకొనేవారు చీకటితోనే లేచే పనివారు. గెలుపునాడు ఛాయాచిత్రంలో గుర్రానికి దగ్గరగా నిలిచేవాడు ఆ పనివాడే గాని, అతని పేరు మనకెవరికీ తెలియదు.

ఇక రెండవ విద్య సంగతి. మద్రాసు గిండీ పందేలను గూర్చిన వివాదంలో సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పింది. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యానికి సంబంధించినదే గాని కేవలం అదృష్టపు జూదం కాదన్నది. మంచిదే. కాని పందెం కాసినవారందరి సొమ్మునూ ఒకచోట చేర్చి, అందులో నుండి క్లబ్బు ఖర్చులూ పన్నులూ మినహాయించిన తరువాతనే గెలిచినవారికి పంచుతారు. అందరూ పెట్టినంత అందరికీ తిరిగి రావడం లెక్కప్రకారమే అసాధ్యం. నైపుణ్యం గుర్రానిదీ, దానిని సాకినవారిదీ. పోయే జీతం మాత్రం మనది. ఊరుగాని ఊళ్ళో ఇల్లు నిలబెట్టుకోవలసిన మనవంటివారు ఈ లెక్క మరువరాదు.

బెంగళూరు మైదానపు కౌలు గడువు 2009లో ముగిసింది. దానిని నగరం వెలుపలికి తరలించాలన్న వాదం న్యాయస్థానాలకెక్కింది. మైదానం ఉన్నా, కదిలినా, ఈ చరిత్ర మన పిల్లలకు తెలియవలసినదే.

కనుక ఈసారి పిల్లవాడు అడిగితే మాట మార్చకండి. నలుని కథ చెప్పండి. గుర్రాన్ని ఎరిగినవాడు నలుడే, జూదంలో రాజ్యం పోగొట్టుకొన్నవాడూ నలుడేనని చెప్పండి.