బరమా ఎందుకు విరుగును?

ఉట్నూరు వైపు వడ్రంగి టేకు దుంగకు రంధ్రము వేయునపుడు బరమాకు తాడు చుట్టి, విల్లును ముందు వెనుకలకు లాగుట పెద్దవారు చూచియే యుందురు. కొంత లోతు దిగగానే బరమాను పైకి తీసి, పొట్టు ఊదివేసి, మరల దించెడివాడు. పని కిటుకంతయు అందులోనే యున్నది.

1863లో అమెరికాలో స్టీఫెన్ మోర్సు మెలిగాడుల బరమాకు పేటెంటు పొందెను. గాడులు రజనును తామే పైకి తోయును. అయితే రంధ్రపు లోతు వ్యాసమునకు మూడు నాలుగు రెట్లు మించినచో అవియును చాలవు. రజను ఇరుకుకొని, వేడెక్కి, బరమా విరుగును. విరిగిన ముక్క లోపలనే చిక్కుకొన్నచో, గంటలకొలది చెక్కిన వస్తువు వృథా!

మనవైపు 1943లో సికింద్రాబాదున ప్రాగా టూల్సు వెలసి, బరమాలను పట్టియుంచు చక్కులను తయారుచేసినది. 1952లో అమెరికాలోని ఎం.ఐ.టి. వారు చిల్లుల పట్టీపై ఆజ్ఞలతో నడచు యంత్రమును ప్రదర్శించిరి. పట్టీ స్థానమున కంప్యూటరు చేరగా సి.ఎన్.సి. యంత్రమైనది. దీనికి జి81 అని వ్రాసినచో బరమా ఒక్క పోటున అడుగువరకు దిగును. జి83 అని వ్రాసినచో, క్యూ అను అక్షరము ప్రక్కనున్న కొలత మేరకే దిగి, బయటికి వచ్చి, రజను రాల్చి, మరల దిగును. మన వడ్రంగి చేసినదియు ఇదే కదా!

5 మి.మీ. బరమాతో ఉక్కులో 40 మి.మీ. లోతు వేయుచు జి81 వాడి బరమాలు విరుగగొట్టుకొనువారు తరచు బరమా నాణ్యతను నిందింతురు. జి83 వ్రాసి, క్యూను 2 మి.మీ. చేసి చూడవలెను. బరమా ఇరువది మార్లు దిగును. పని కొంత ఆలస్యమగును, అంతే.