క్యాబ్ - జట్కా - బాడుగబండి: పదచరిత్ర పరిశీలన

వ్యాససంగ్రహం:
నేటి తెలుగు వాడుకలో స్థిరపడిన ‘క్యాబ్’ అనే అన్యదేశ్యానికి పుట్టుక ఒకటి కాదు. ఉచ్చారణ ఒకటే అయినా మూలాలు వేరైన పదాలను విడదీసి చూపడం, వాటిని రామసముద్రం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతపు ‘బాడుగ’ వ్యవహారంతో పోల్చడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అన్యదేశ్యాలు, అర్థసంకోచం, జట్కా, బాడుగ, మాండలికం.

1. క్యాబ్: మూలాలు
అద్దెవాహనమనే అర్థంలోని క్యాబ్ ‘కాబ్రియోలే’ అనే ఫ్రెంచి పదానికి సంక్షిప్తరూపం. తేలికగా ఉండి, ఎగిరెగిరి పడుతూ సాగే రెండు చక్రాల గుర్రబ్బండి అది. ఆ పేరుకు గంతు అనే అర్థమున్న పదమూ, దానికి మేకజాతిని తెలిపే లాటిన్ పదమూ మూలాలు. లండనులో 1820లలో ఇవి అద్దెకు తిరిగాయి. 1834లో జోసెఫ్ హాన్సమ్ తన బండి నమూనాకు పేటెంటు పొందాడు. ‘టాక్సీ’ పుట్టుక వేరు. అది ఛార్జీని లెక్కగట్టే మీటరు పేరు నుండి వచ్చింది.

లారీలో డ్రైవరు కూర్చొనే చోటును మనవారు ‘క్యాబిన్’ అంటారు. దీనికి గుడిసె అనే అర్థమున్న లాటిన్ పదం మూలం. కనుక క్యాబిన్ కుదించుకుపోయి క్యాబ్ అయిందనుకోవడం లౌకిక నిరుక్తి మాత్రమే. బైబిలు పాతనిబంధనలోని ‘కాబ్’ హీబ్రూ కొలత. సెయాలో ఆరవ వంతు. 2019లో పత్రికలలో కనిపించిన ‘క్యాబ్’ పౌరసత్వ సవరణ బిల్లు ఆంగ్లనామంలోని తొలి అక్షరాల కూర్పు. ఇవి ఒకే పదానికి గల నానార్థాలు కావు, వేర్వేరు పదాలు.

2. జట్కా
1886లో వెలువడిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో యూల్, బర్నెల్‌లు జట్కాను మద్రాసు ప్రాంతపు దేశీయ క్యాబ్‌గా వివరించారు. హిందీలో ‘ఝట్కా’ అంటే కుదుపు. ఒక పేరు గంతు నుండి, మరొకటి కుదుపు నుండి పుట్టాయి. రెంటికీ ప్రయాణికుడి శరీరానుభవమే ఆధారం కావడం గమనార్హం.

3. బాడుగ: సరిహద్దు సాక్ష్యం
1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేవరకు మదనపల్లె కడప జిల్లాలో ఉండేది. రామసముద్రం కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉండగా, కుప్పం కన్నడ, తమిళ సీమల నడుమ ఉంది. తెలుగు ‘బాడుగ’, కన్నడ ‘బాడిగె’, తమిళ ‘వాడగై’ - ఈ మూడూ ఇక్కడ ఇరుగుపొరుగు మాటలు. సంస్కృతంలోని ‘భాటక’ శబ్దానికీ అద్దె అనే అర్థముంది. ‘బండి’ కూడా కన్నడంలో ‘బండి’గా, తమిళంలో ‘వండి’గా ఉంది. ‘బాడుగబండి’ ఈ ప్రాంతానికి సహజమైన సమాసం.

ఇక్కడ నామం కన్నా క్రియను గమనించాలి. బాడుగబండిని ‘మాట్లాడుకొంటారు’, క్యాబ్‌ను ‘బుక్ చేస్తారు’. మొదటిదానిలో ఎక్కేవారికీ తోలేవారికీ మధ్య బేరం ఉంది. ధర ఆ మాటలోనే తేలుతుంది. రెండవదానిలో ధరను యాప్ నిర్ణయిస్తుంది. ఇద్దరికీ అందులో మాట ఉండదు. 1988 మోటారు వాహనాల చట్టం డ్రైవరు కాక ఆరుగురికి మించని ప్రయాణికులను ఎక్కించుకొనే అద్దెవాహనాన్ని మోటార్ క్యాబ్‌గా, ఆరుకు మించి పన్నెండుగురి వరకు ఎక్కించుకొనేదాన్ని మాక్సీ క్యాబ్‌గా నిర్వచించింది. వాడుకలో మాత్రం క్యాబ్ ప్రధానంగా ఫోనులో పిలిపించుకొనే కారుకు పరిమితమవుతోంది. ఇది అర్థసంకోచం.

ముగింపు
క్యాబ్‌ను నిఘంటువులో చేర్చేటప్పుడు మూలభేదాన్ని బట్టి వేర్వేరు ఆరోపాలుగా చూపాలి. మాండలిక పదకోశాలలో ‘బాడుగ’తోపాటు ‘మాట్లాడుకొను’ అనే క్రియకు గల అద్దెకు కుదుర్చుకొను అనే అర్థాన్నీ నమోదు చేయాలి. 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం చుట్టుపక్కల గ్రామాలే ఇందుకు తగిన క్షేత్రం. జట్కా తోలినవారి, బాడుగబండ్లు నడిపినవారి నోటిమాటను ఇప్పుడే సేకరించకపోతే పదం పుస్తకంలో మిగిలినా, దాని వెనుక ఉన్న బేరపు భాష మిగలదు.