దక్కను లావా పొరల్లో ఆలిచిప్ప: ‘యూనియో దక్కనెన్సిస్’ కాలనిర్ణయ చరిత్ర

షాద్‌నగర్ పరిసరాల నేల ప్రధానంగా గ్రానైటుది. ఆ నేలలోని చెరువుల్లో కనిపించే ఆలిచిప్పల పూర్వచరిత్రను అన్వేషించాలంటే వాయవ్యంగా వికారాబాద్ వైపు, ఇంకా ఉత్తరాన నిర్మల్ గుట్టల వైపు, నల్లరాతి సీమలోకి వెళ్ళాలి. అక్కడ ఒక లావా ప్రవాహానికీ మరొక ప్రవాహానికీ నడుమ సున్నపురాయి, చెకుముకిరాయి, బంకమన్ను పలుచని పొరలుగా నిలిచి ఉన్నాయి. అవి ఒకనాటి మడుగుల అడుగుభాగాలు.

మద్రాసు వైద్యశాఖకు చెందిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ నిర్మల్ ప్రాంతపు సిచెల్ కొండల శిలాజాలపై 1837లో లండన్ భూవిజ్ఞాన సంఘానికి పత్రం సమర్పించాడు. అది 1840లో అచ్చయింది. అందులోని చిప్పలను వర్ణించిన జె. డి. సి. సోవర్బీ, ఒక ఆలిచిప్పకు ‘యూనియో దక్కనెన్సిస్’ అని పేరు పెట్టాడు. అక్కడి నత్త ఒకటి ‘ఫైసా ప్రిన్‌సెపీ’ అయింది. బ్రాహ్మీ లిపిని చదివిన జేమ్స్ ప్రిన్సెప్ పేరే అది. ‘యూనియో’ అన్నది ఆనాడు మంచినీటి ఆలిచిప్పలలో అనేకాన్ని వేసిన గంపవంటి ప్రజాతి. కనుక ఆ పేరును నేటి వర్గీకరణ అర్థంలో తీసుకోరాదు.

1860లో నాగపూర్ మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ మరికొన్ని జాతులను వర్ణించి, ఒకదానికి మాల్కంసన్ పేరే పెట్టాడు. ఈ పొరలు తృతీయ యుగానివని, ఇయోసీన్ కాలానివని అతని నిర్ణయం. 1934లో బీర్బల్ సాహ్ని సైతం వృక్షశిలాజాల ఆధారంగా తృతీయ యుగ పక్షమే వహించాడు.

ఇక్కడ సాక్ష్యం స్వభావాన్ని పరిశీలించాలి. ఆలిచిప్ప ఆకృతి నీటి వేగాన్ని, అడుగుమట్టిని బట్టి మారుతుంది; వంశం మారినా రూపం అంతగా మారకపోవచ్చు. అందుచేత కాలానికి అది బలహీన సాక్షి. స్థలానికి మాత్రం గట్టి సాక్షి. ఈ కుటుంబపు జీవుల డింభకాలు చేపల మొప్పలకో రెక్కలకో అంటుకొని పెరుగుతాయి. కావున చిప్ప దొరికిన చోట చేపలు బ్రతికిన మంచినీరు ఉండేదనీ, లావా ప్రవాహాల మధ్య విరామం ఒక వానాకాలపు గుంటకు మించినదనీ భావించవచ్చు. మాల్కంసన్ సేకరణలో నిలిచే విలువ ఇదే.

కాలవివాదంలో మలుపు మరో జంతువు వల్ల వచ్చింది. వికారాబాద్ సమీపంలోని నస్కల్ పొరల్లో దొరికిన చిన్న క్షీరద దంతాలను 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని క్రెటేషియస్ కాలానివిగా ప్రకటించారు. లావా వయస్సు సుమారు 6.6 కోట్ల సంవత్సరాలన్న కొలతలతో అది సరిపోయింది. ఆ క్షీరదానికి వారు పెట్టిన పేరు ‘దక్కనోలెస్టిస్ హిస్లోపీ’. ఇయోసీన్ అని వాదించిన హిస్లాప్ పేరే అది.