జీతం ఆగితే ఇల్లు గడిచేదెలా: తెలుగిళ్లలో ఆపద్ధనం చరిత్ర

నెల జీతం మీద బతకడం తెలుగు కుటుంబాలకు మరీ పాత అలవాటేమీ కాదు. పంతొమ్మిదో శతాబ్దం దాకా ఎక్కువ ఇళ్లకు ఆదాయం వచ్చేది పంట వచ్చినప్పుడే, అదీ గింజల రూపంలో. వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి వంటి ఆయగాళ్లకు కళ్లంలోనే మేర కొలిచి ఇచ్చేవారు. కొందరికి మాన్యం భూములుండేవి. పని తరతరాల హక్కుగా సాగేది కాబట్టి ఒకరు తీసేస్తే పోయేది కాదు. కులం కట్టుబాటు వల్ల వదిలి వెళ్దామన్నా వదిలేదీ కాదు. ఇంటి భయమంతా వాన మీదే ఉండేది.

వానకు భయపడే ఇల్లు ధాన్యాన్నే దాచుకుంది. కోస్తాలో గడ్డితాడు చుట్టి కట్టిన పురి, ఇంటి లోపల గాదె, మెట్ట ప్రాంతాల్లో నేల తవ్వి గింజలు పోసి కప్పేసే పాతర ఆనాటి నిల్వలు. పాతరను ఒకసారి మూశాక మాటిమాటికీ తెరవడం కుదరదు, తెరిస్తే తేమ తగిలి గింజ పాడవుతుంది. అందువల్ల రోజువారీ అవసరాలకు దాని జోలికి ఎవరూ పోయేవారు కాదు. తర్వాత వచ్చిన పొదుపు పద్ధతుల్లో చాలావాటిది ఇదే స్వభావం: సొమ్ము సొంత చేతికీ చుట్టాల చేతికీ సులువుగా అందకూడదు. పెళ్లి, ఇల్లు, చదువు లాంటి ముందే తెలిసిన ఖర్చులకు ఇది బాగా పనికొచ్చింది. ఉద్యోగం పోయినప్పుడు మాత్రం ఇదే అడ్డం తిరుగుతుంది, ఎందుకంటే అప్పుడు కావలసింది వచ్చే ఒకటో తారీఖుకల్లా అందే సొమ్ము.

ధాన్యం నిల్వలకూ హద్దుంది. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చేసిన నందన కరువు, 1876-78లో రాయలసీమను పీల్చేసిన ధాత కరువు దాన్ని చూపించాయి. ఒక పంట పోతే ఆదుకోగల గాదె, వరసగా రెండేళ్లు వాన మొహం చాటేస్తే ఖాళీ అయింది. కూలీ ఇళ్లకు మొదటి ఏడాదికి కూడా గాదె లేదు.

జీతగాళ్ల వర్గం కంపెనీ కచేరీలు, రైల్వేలు, బడులు, ప్లీడర్ల ఆఫీసులతో పెరిగింది. నెలనెలా రొక్కం చూసే ఇల్లు దాన్ని ఎక్కడ దాచుకోవాలన్నది వెంటనే ఎదురైన సమస్య. 1882లో తపాలా పొదుపు బ్యాంకు మొదలై, చిన్న ఊళ్లలోని గుమాస్తాలకూ పంతుళ్లకూ ఒక దారి దొరికింది. వడ్డీ తక్కువే, కానీ సర్కారు పూచీ. ఎక్కువ వడ్డీ కోరినవారు మద్రాసులో ‘నిధి’ పేరుతో నడిచిన పొదుపు సంఘాల వైపు, తెల్లదొరల వ్యాపార సంస్థల వైపు చూశారు. 1906 అక్టోబరులో మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ దివాలా తీసినప్పుడు రాజధానిలోనే కాదు, జిల్లాల్లోనూ మధ్యతరగతి ఇళ్ల జీవితకాలపు పొదుపు మునిగిపోయింది. ఆ దెబ్బ తర్వాతే, 1907లో, స్వదేశీ పెట్టుబడితో ఇండియన్ బ్యాంకు పుట్టింది. తెలుగు ప్రాంతంలో భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకును స్థాపించారు.

అయినా చాలా ఇళ్లలో అసలైన బ్యాంకు వంటగదిలోనే ఉండేది. మగవాడి జీతంలో పాలవాడికి, కిరాణా కొట్టు ఖాతాకు, ఇంటి అద్దెకు, బడి ఫీజుకు పోగా మిగిలినదాన్లోంచి ఇల్లాలు కొంత పోపుల డబ్బాలోనో బియ్యం డబ్బాలోనో వేసేది. ఈ మొత్తం ఇంటి లెక్కల పుస్తకంలో కనిపించదు, కాబట్టి దీని చరిత్ర రాయడం కష్టం. తక్కువగా అంచనా వేయడం మాత్రం తేలిక. నెలాఖరులో ఇరుగుపొరుగు తీసుకునే చేబదులు కూడా ఈ డబ్బాల్లోంచే వచ్చేది. వడ్డీ లేదు, కాగితం లేదు, ఇచ్చినామె అవసరం వచ్చిన రోజు తిరిగి అడుగుతుందన్న ఎరుకే పూచీ.

డబ్బాకంటే పెద్ద పొదుపు చీటీ. ఇరవై మంది నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలు కడితే అది లక్ష రూపాయల చీటీ. నెలనెలా పాట జరుగుతుంది. అవసరం గట్టిగా ఉన్నవాడు 25,000 వదులుకోవడానికి సిద్ధపడి పాడితే అతనికి 75,000 వస్తుంది. వదులుకున్న దాంట్లోంచి నిర్వాహకుడి కమీషన్, చీటీ మొత్తం మీద అయిదు శాతం, అంటే 5,000 పోగా మిగిలిన 20,000 ఇరవై మందికీ పంచితే మనిషికి వెయ్యి తగ్గుతుంది. ఆ నెల కట్టాల్సింది 4,000 అవుతుంది. అప్పు కావలసినవాడికి అప్పు, ఓపిక పట్టినవాడికి లాభం. కాగితం మీద ఇంత చక్కని ఏర్పాటు మరొకటి లేదు. ఆంధ్రప్రదేశ్ 1971లోనే దీనికి సొంత చట్టం చేసుకుంది, కేంద్రం 1982లో చేసింది. కమీషన్ పరిమితి 2019లో ఏడు శాతానికి పెరిగింది.

ఉద్యోగం పోయిన ఇంటికి ఈ ఏర్పాటు ఎలా ఉంటుందో చూస్తే బొమ్మ మారిపోతుంది. పాడుకున్నా నిర్వాహకుడు సొమ్ము ఊరికే ఇవ్వడు. మిగతా వాయిదాలకు జామీను అడుగుతాడు. నమోదైన చిట్‌ఫండ్లలో జామీనుదారులుగా సర్కారు ఉద్యోగులు, పక్కా జీతం చీటీ ఉన్నవాళ్లు కావాలి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ‘నువ్వు నాకు, నేను నీకు’ అని సంతకాలు పెట్టుకున్న తోటివాళ్లు, ఉద్యోగం పోయిన మనిషికి సంతకం పెట్టడానికి తటపటాయిస్తారు. అందరూ పనిచేసే మిల్లే మూతపడితే వాళ్ల జీతాలూ ఆగిపోయే ఉంటాయి. పాడకుండా వాయిదా ఎగ్గొడితే లాభం పోతుంది, కట్టిన సొమ్ము తిరిగి రావడానికి నెలలు పడుతుంది. నమోదు కాని వాడవాడ చీటీలైతే నడిపేవాళ్లు బోర్డు తిప్పేసిన రోజున అసలుకే మోసం. ఎక్కువ చీటీలు కడితే ఎక్కువ భద్రత అన్న నమ్మకం ఇంకా బలంగానే ఉంది. ఆపద్ధనంగా చూస్తే మాత్రం ఒక ఇంట్లో ఒక చీటీకి మించితే భద్రత పెరగదు, నెలవారీ బాకీ పెరుగుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత సర్కారు మరో దారి పట్టింది. పొదుపును ఇంటి ఇష్టానికి వదలకుండా జీతం చేతికి రాకముందే పక్కకు తీసింది. 1951 నవంబరులో ఆర్డినెన్సుగా వచ్చి 1952లో చట్టమైన ఉద్యోగుల భవిష్యనిధి మొదట సిమెంటు, సిగరెట్లు, ఇంజనీరింగ్, ఇనుము-ఉక్కు, కాగితం, బట్టలు అనే ఆరు పరిశ్రమలకే వర్తించింది. తెలుగు ప్రాంతంలో వరంగల్ ఆజంజాహీ మిల్లు, సిర్పూరు, రాజమండ్రి కాగితం మిల్లులు, హైదరాబాద్ వజీర్ సుల్తాన్ సిగరెట్ల ఫ్యాక్టరీ వంటివి ఈ జాబితా కిందికి వచ్చాయి. తొలినాటి చందా 6.25 శాతం, అంటే రూపాయికి అణా. యజమానీ అంతే వేయాలి. 1997లో అది 12 శాతానికి చేరింది. 1953లో పారిశ్రామిక వివాదాల చట్టానికి సవరణ వచ్చి, తొలగించిన కార్మికుడికి పనిచేసిన ప్రతి ఏడాదికీ పదిహేను రోజుల సగటు వేతనం పరిహారంగా స్థిరపడింది. 1972లో గ్రాట్యుటీ చట్టం తోడైంది. వీటన్నిటికీ షరతు ఒకటే: పేరు రిజిస్టరులో ఉండాలి. బీడీలు చుట్టేవాళ్లలో, మగ్గం కూలీల్లో, కాంట్రాక్టు పనివాళ్లలో చాలామంది పేర్లు అందులోకి ఎక్కలేదు.

సర్కారు ఉద్యోగం కూడా ఉన్నట్టుండి పోగలదని తెలుగు సమాజం 1983లో చూసింది. ఆ ఏడాది జనవరిలో అధికారంలోకి వచ్చిన ఎన్టీ రామారావు ప్రభుత్వం పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ ఫిబ్రవరి 8న ఉత్తర్వు ఇచ్చింది. చదువుకున్న నిరుద్యోగులకు చోటు కల్పించడం ఉద్దేశం. ఫిబ్రవరి 28న, అంటే ఇరవై రోజుల్లో, 18,000కు పైగా ప్రభుత్వోద్యోగులు ఇంటికి వెళ్లిపోయారు. ప్రభుత్వ రంగ సంస్థల్లో మరో పదివేల మంది. వీళ్ల ఇంటి లెక్కలన్నీ ఇంకో మూడేళ్ల జీతం వస్తుందన్న ధీమా మీద వేసుకున్నవి. కూతురి పెళ్లి, కొడుకు డిగ్రీ, సగంలో ఉన్న ఇంటి గోడలు ఆ వయసులోనే మీద పడతాయి. పెన్షన్ వచ్చేవాళ్లు తట్టుకోగలిగారు. కార్పొరేషన్లలో పనిచేసి భవిష్యనిధి మాత్రమే ఉన్నవాళ్లకు ఆ ఒక్క మొత్తమే మిగిలింది. 1984 ఆగస్టులో వయసును మళ్లీ 58కి పెంచారు. 1985లో సుప్రీంకోర్టు ఆనాటి తగ్గింపు చెల్లుతుందని తేల్చింది.

మరో దెబ్బ 1984 జనవరిలో పడింది. తరతరాలుగా కరణం, మునసబు పదవులు నడుపుతున్న ఇళ్లు ఒక్క ఆర్డినెన్సుతో ఆ పదవులు కోల్పోయాయి. ఊరి మీద వారి పెత్తనం చూసినవాళ్లకు ఇది న్యాయంగానే తోచింది, అందులో తప్పు పట్టడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. ఇంటి బడ్జెట్టు కోణంలో మాత్రం ఒక తేడా గమనించాలి. పొలం ఉన్న కరణం ఇల్లు నిలబడింది. పదవి తప్ప ఏమీ లేని ఇల్లు బతుకుతెరువు వెతుక్కుంటూ పట్నానికి కదిలింది.

1991 తర్వాత మిల్లుల వంతు వచ్చింది. నష్టాల్లో ఉన్న ప్రభుత్వ రంగ సంస్థల్లో స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలు మొదలయ్యాయి. 1992లో కేంద్రం ఇందుకోసం జాతీయ పునరుద్ధరణ నిధిని పెట్టింది. హైదరాబాద్‌లోని ఆల్విన్ కంపెనీ ముక్కలైంది. 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు 2000 దశకం తొలినాళ్లకు మూతపడింది. ఈ పథకాల్లో కార్మికుడి చేతికి ఒకేసారి పెద్ద మొత్తం వచ్చేది. జీవితంలో అంత సొమ్ము ఒక్కచోట చూడని ఇంటికి దాన్ని నెలసరి ఆదాయంగా మార్చడం ఎవరూ నేర్పలేదు. పాత అప్పులు తీరాయి, పెళ్లిళ్లు జరిగాయి, ఆటోలు కొన్నారు. మిగిలినదానికి బ్యాంకు వడ్డీ రేట్లు అప్పుడే పడిపోతున్నాయి. రెండు శాతం ఎక్కువ ఇస్తామన్న చోటికి పొదుపు పరుగెత్తిన కాలమది. 2001లో హైదరాబాద్‌లో కృషి సహకార బ్యాంకు కుప్పకూలినప్పుడు డిపాజిట్ బీమా లక్ష రూపాయల దాకే ఉంది.

తాళం వేసిన పొదుపుకూ వెంటనే అందే సొమ్ముకూ మధ్య పొత్తు కుదిర్చినది చదువుకున్న ఉద్యోగులు కాదు, పల్లె ఆడవాళ్లు. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాజుకుని 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధానికి దారితీసింది. సారాకు పోకుండా మిగిలిన డబ్బులోంచి రోజుకో రూపాయి పక్కన పెట్టే పొదుపు సంఘాలు అదే జిల్లాలో పుట్టాయి. అప్పటికే, 1992లో, గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు ఇలాంటి సంఘాలను బ్యాంకులతో కలిపే పథకం మొదలుపెట్టి ఉంది. పదీపదిహేను మంది సభ్యులు తలా నెలకు 30 రూపాయలు వేసేవారు. పెట్టెలో చేరిన సొమ్మును అవసరమైన సభ్యురాలికి అప్పుగా ఇస్తారు, వడ్డీ మళ్లీ సంఘానికే చేరుతుంది. చీటీతో పోలిస్తే తేడా జామీనులో ఉంది. ఇక్కడ జీతం కాగితం అడగరు, సభ్యురాలి ఇల్లు ఎలా నడుస్తోందో మిగతావాళ్లకు తెలుసు. మగవాడికి పని దొరకని నెలలో ఆమెకు వాయిదా సడలించే వీలుంటుంది. 2000 తర్వాత సూక్ష్మ రుణ కంపెనీలు ఇదే గుంపు పూచీని వాడుకుని వారంవారం వసూళ్లు పెట్టినప్పుడు ఆ సడలింపే మాయమైంది. బలవంతపు వసూళ్ల మీద గోల పెరిగి 2010 అక్టోబరులో రాష్ట్రం ఆర్డినెన్సు తేవలసి వచ్చింది.

సాఫ్ట్‌వేర్ జీతాలతో ఇంటి లెక్క తలకిందులైంది. పాత గుమాస్తా ఇంట్లో అద్దె, పాలు, సరుకులు పోగా మిగిలింది దాచేవారు. కొత్త ఇంట్లో ఫ్లాటు, కారు ఈఎంఐలు ముందు పోతాయి. జీతం పెద్దదైనా, ఆగితే తగ్గించుకోగల ఖర్చు చాలా కొద్ది. అమెరికాలో హెచ్-1బీ వీసా మీద ఉన్నవారికి గడువు మరీ చిన్నది: 2017 జనవరి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం ఉద్యోగం పోయాక గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా మరో యజమాని దొరకాలి, లేదా వీసా హోదా మార్చుకోవాలి, లేదంటే దేశం విడవాలి. హైదరాబాద్‌లో కొన్న ఫ్లాటును అంత త్వరగా అమ్మడం ఎవరి తరమూ కాదు.

మన దేశంలో చట్టాలు ఈలోగా పొదుపు మీది తాళాలను కొద్దికొద్దిగా సడలించాయి. 2018 జులైలో వచ్చిన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద, ఉద్యోగం పోయిన ఉద్యోగుల రాజ్య బీమా (ఈఎస్ఐ) సభ్యుడికి సగటు రోజు సంపాదనలో పావు వంతు 90 రోజుల దాకా వచ్చేది. 2020లో దాన్ని సగానికి పెంచారు. కానీ ఈఎస్ఐలో చేరడానికే నెల జీతం 21,000 దాటకూడదు. 2018 డిసెంబరులో భవిష్యనిధి నిబంధన మారి, నెల రోజులు పని లేకుండా ఉంటే 75 శాతం తీసుకునే వీలొచ్చింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు ఇవన్నీ ఒకేసారి పరీక్షకు నిలిచాయి. మూడు నెలల మూల వేతనం, కరువు భత్యం మేరకుగానీ నిల్వలో 75 శాతంగానీ, ఏది తక్కువైతే అది భవిష్యనిధి నుంచి తీసుకోవచ్చన్నారు. ఈఎంఐలకు రిజర్వు బ్యాంకు ఇచ్చిన విరామం ఆగస్టు 31తో ముగిసింది, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. ప్రైవేటు బడుల పంతుళ్లలో ఎంతోమందికి ఈఎస్ఐ, భవిష్యనిధి ఏవీ లేవు. తెలంగాణ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో వారికి నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ప్రకటించేసరికి బడులు మూతపడి ఏడాది దాటింది. మధ్యలో చాలా ఇళ్లను నడిపించింది బంగారం. జామీను అడగదు, జీతం చీటీ అడగదు, గంటలో రొక్కమవుతుంది. 2020 ఆగస్టులో రిజర్వు బ్యాంకు వ్యవసాయేతర అవసరాలకు బంగారం విలువలో 75 శాతానికి బదులు 90 శాతం దాకా అప్పివ్వడానికి బ్యాంకులకు అనుమతి ఇచ్చింది. ఆ సడలింపు 2021 మార్చి 31తో ఆగిపోయింది.